ఓటమి మరగిన జట్టు



నేను గట్టు సీమవాడను. కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న ఆ భూమిని మేము నడిగడ్డ యందుము. నా చిన్ననాట మా పల్లెలో చెడుగుడు జట్టొకటి యుండెడిది. ఏటేట ఉగాది వెళ్లిన మఱునాడు పొరుగూరి జట్టు మా చెఱువు దిగువ ఇసుకలోనికి వచ్చి, మమ్ము ఓడించి, టెంకాయ కొట్టుకొని పోయెడిది. ఎన్నియేండ్ల నుండి ఓడుచుంటిమో నే నెఱుగను. మా తండ్రిగారి కాలమునందును ఓటమియే యట. మా వారికి బలము లేదనరాదు. మూటలు మోసిన భుజములు, మోట తోలిన చేతులు. ఆట మొదటి సగము తఱచుగా మాదే పైచేయి. పిమ్మట మావాడొకడు పట్టుపడెనా, గీతకు వెలుపల కూర్చున్న పెద్దలలో నుండి ఒక నిట్టూర్పు వినవచ్చెడిది: "ఇంకేముంది, ఎప్పటి కతే గద." ఆ మాట లోపలనున్న వారందఱి చెవిని బడెడిది. అటుపై కూతకు బోవువాని గొంతు సన్నగిల్లును. పట్టవలసినవాడు ప్రక్కవాని మొగము చూచును. అరగడియలో ఆట ముగియును.

ఆ నిట్టూర్పును గూర్చి ఈ రాత్రి నాలుగు మాటలు చెప్పదలచితిని. అది మా పల్లెది మాత్రమే కాదని పెద్దవాడనైన పిమ్మట చరిత్ర చదివి తెలిసికొంటిని.

అమెరికాలో బేస్‌బాల్ అను నాట కలదు. గుండ్రని కఱ్ఱతో బంతిని కొట్టి, నాలుగు మూలల నున్న గుఱుతులను చుట్టివచ్చినచో ఒక పరుగు. క్రికెట్టు ఎఱిగినవారికి ఇంతకంటె చెప్పనక్కఱలేదు. చికాగో నగరమున కబ్స్ అను జట్టు 1908 లో ఆ దేశపు పెద్దపోటీ గెలిచి, మఱల 2016 వఱకు, అనగా 108 యేండ్లు, గెలువలేదు. 1945 లో ఒక పానశాల యజమాని తన మేకను వెంటబెట్టుకొని ఆట చూడ రాగా మేకను వెడలగొట్టిరట, అతడు కోపించి శపించెనట. రైళ్లును విమానములును గల దేశములో, చదువుకొన్న జనము, తమ జట్టు ఓడుటకు మేకయే కారణమని డెబ్బది యేండ్లు చెప్పుకొనిరి. కొందఱు నవ్వుచు చెప్పిరి, కొందఱు నవ్వక చెప్పిరి.

2003 అక్టోబరు 14 నాడు ఆ జట్టు మూడు పరుగులు ముందుండి, ఇంక అయిదుగురిని ఔటు చేసినచో పెద్దపోటీలోనికి అడుగిడు స్థితిలో నుండెను. గోడ దాపున దిగుచున్న బంతికై ఆటగాడు చేయి చాచగా, ప్రేక్షకుడొకడును చేయి చాచెను. పట్టు తప్పెను. ఒక్క పట్టే. కాని వేలకొలది జనుల గొంతులలో మా యూరి పెద్దల నిట్టూర్పు లేచెను. కొంతసేపటికి, ఎన్నడును తప్పని చేతులవాడని పేరున్న మఱియొక ఆటగాడు నేలపై వచ్చు సులువైన బంతిని జాఱవిడిచెను. ఆ వంతులోనే ఎదిరి జట్టు ఎనిమిది పరుగులు తీసెను. చికాగోవారు 8-3 తో ఓడిరి. మఱునాటి ఆటయు ఓడిరి. తప్పంతయు ఆ ప్రేక్షకుని నెత్తిన బడెను. ఆతడు మొగము దాచుకొని బ్రదుకవలసి వచ్చెను. ఆ ఎనిమిది పరుగులలో ఒక్కటియు అతడు తీసినది కాదు.

ఇచట పెద్దలెవరైన ఆక్షేపింపవచ్చును. బలహీనుడు ఓడును, బలవంతుడు గెలుచును, నడుమ ఈ మనస్సు మాట యేల? అని. ఆక్షేపణ న్యాయమైనదే. ఓటమికి మొదటి కారణము చాలతఱచుగా కాలిలోనో చేతిలోనో కొలువులోనో ఉండును. కాని లోపము పదియేండ్లు నిలిచినచో మనస్సు దాని చుట్టు ఒక కథ అల్లుకొనును. ఆ కథ లోపమును కంటికి కానరాకుండ కప్పివేయును. పిమ్మట లోపమును దిద్దువాడు ఉండడు. దీనికి సాక్ష్యము చికాగో దాక పోయి తేనక్కఱలేదు. మా గట్టునకు పడమట పదిక్రోసుల మేర నున్న రాయచూరు చాలును. జట్టనగా ఏడుగురో పదునొకండుగురో కానక్కఱలేదు గదా. రాజ్యమును దాని సేనయు ఒక జట్టే. వారు ఓడినప్పుడు టెంకాయతో పోదు, ఊళ్లు కాలును.

విజయనగర రాజ్యము 1336 లో పుట్టెను, బహమనీ రాజ్యము 1347 లో. రెంటికిని తగవు పొలము మన నడిగడ్డయు, దానికి పడమటి రాయచూరు ముదిగల్లు సీమయు. రెండు నదుల నడిమి రేగడి నేల, రెండు గట్టి కోటలు. వదలుకొనుటకు ఎవరికి మనసొప్పును? 1366 లో బుక్కరాయల కాలమున పెద్ద యుద్ధము. 1398 లో రెండవ హరిహరరాయల కాలమున మఱియొకటి. 1406 లో మొదటి దేవరాయలు ఓడి, తన కూతును ఫిరోజ్‌షా సుల్తానునకిచ్చి, బంకాపురమును అరణముగా నొసగవలసి వచ్చెనని ఫెరిష్తా వ్రాసెను. 1420 ప్రాంతమున పానుగల్లు కడ ఫిరోజ్‌షా సేన తెగుళ్లచే చివికి ఓడిపోయిన మాట నిజమే. కాని మూడేండ్లు తిరుగకముందే అతని తమ్ముడు అహమ్మద్‌షా వచ్చి ఊరూర పగ తీర్చుకొనెను. మొత్తము మీద విజయనగరము వంతునకు వచ్చినది ఓటమియో, ఓటమికి చెల్లెలగు సంధియో.

ఫెరిష్తా యెవడని యడుగుదురేమో. అతడు విజాపురపు కొలువులోని చరిత్రకారుడు. ఈ యుద్ధములు ముగిసిన నూటయేబది యేండ్లకు పిమ్మట కూర్చుండి వ్రాసినవాడు. గెలిచిన పక్షమువాడు ఓడినవాని కథ చెప్పునప్పుడు లెక్కలు కొంచెము ఉబ్బును. మనము ఆ ఉబ్బును తీసివేసికొని చదువవలెను. ఐనను అతడు చెప్పిన సంగతి యొకటి నాకు కల్పితముగా తోపదు. ఏలయన అది రాజును హేళన చేయు కథ కాదు.

రెండవ దేవరాయలు సామంతులను, పండితులను, సేనానులను పిలిపించి సభ చేసెనట. అతడడిగిన ప్రశ్న యిది: మన దేశము విశాలమైనది, జనము ఎక్కువ, రాబడి ఎక్కువ. అయినను మాటిమాటికి బహమనీలే గెలుచుచున్నారు, మనము కప్పము కట్టుచున్నాము. కారణమేమి?

రెండు తెఱగుల జవాబులు వచ్చెను. కొందఱు లేచి, ఇది దైవనిర్ణయము, అనేక సహస్రవర్షముల వఱకు వారిదే పైచేయి యని మన గ్రంథములలోనే వ్రాసియున్నది, మనము చేయగలిగినది లేదనిరి. మఱికొందఱు లేచి, కారణములు రెండు, వారి గుఱ్ఱములు బలిసినవి, అలయక పరుగెత్తును, మనవి చిన్నవి, త్వరగా అలయును. వారి కొలువున మేటి విలుకాండ్రు అనేకులున్నారు, మనకు కొద్దిమంది, అనిరి.

ఈ రెండు జవాబులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిది చెప్పినవారు మూర్ఖులు కారు, చదివినవారే. ఆ జవాబులో ఒక హాయి కలదు. విధి యన్నచో ఎవ్వరి తప్పును లేదు. గుఱ్ఱములు కొన్న యధికారికి సిగ్గు లేదు, దండును నడపిన దళవాయికి సిగ్గు లేదు, రాజునకును లేదు. ఓటమి కథలకు జనులు పిల్లలవలె అంటిపెట్టుకొని యుండుట ఇందువలననే. అవి మనలను అవమానింపవు, జోకొట్టును. రెండవ జవాబు చేదుమాత్ర. "మన గుఱ్ఱములు చెడ్డవి" అనగా వానిని కొన్నవాడు ఆ సభలోనే కూర్చున్నాడన్నమాట. "మనకు విలుకాండ్రు లేరు" అనగా నేర్పవలసినవాడు నేర్పలేదన్నమాట. ఆ మాట రాజు ముందు లేచి చెప్పినవాని పేరు ఫెరిష్తా వ్రాసియుంచలేదు. వ్రాసియుండినచో ఆ పేరు మా పల్లెలలో పిల్లలకు పెట్టుకొనదగినది.

దేవరాయలు చేదుమాత్రయే మ్రింగెను. తురుష్క యోధులను కొలువున చేర్చుకొని జాగీరులిచ్చెను. వారికై నగరమున మసీదు కట్టించెను. వారు తమ మతమునకు హాని లేకుండ తనకు సలాము చేయునట్లు సింహాసనము ముందర పీఠము వేయించి దానిపై ఖురాను నుంచెనట. తన వారినందఱిని వారి యొద్ద విలువిద్య నేర్చుకొనుడని యాజ్ఞాపించెను. కడపట రెండువేల తురుష్క విలుకాండ్రు, అఱువదివేల హిందూ విలుకాండ్రు సిద్ధమైరని ఫెరిష్తా లెక్క. లెక్క ఉబ్బినదే కావచ్చును. కాని సంగతి శాసనములలోను కనబడుచున్నది. అహమ్మద్‌ఖాను అను తురుష్క సేవకుడు 1439 లో తన ప్రభువైన దేవరాయలకు పుణ్యము కలుగవలెనని విజయనగరమున ఒక ధర్మశాల కట్టించి శాసనము వేయించెను. ఆ కట్టడము హంపీలో నేటికిని నిలిచియున్నది; అది మసీదు. గెలుచువాని విద్యను గెలుచువాని మనుష్యుల యొద్దనే నేర్చుకొనుటకు ఎంత గుండె కావలెనో, ఏండ్ల తరబడి ఓడినవానికే తెలియును.

ఇంత చేసినందుకు గెలిచెనా? గెలువలేదు. 1443 లో తుంగభద్ర దాటి ముదిగల్లును పట్టుకొనెను, రాయచూరును ముట్టడించెను, దండును కృష్ణ దాక నడిపించెను. రెండు మాసములలో మూడు యుద్ధములు. మొదటిదానిలో విజయనగరపు సేనదే పైచేయి. మూడవదానిలో దేవరాయల పెద్దకుమారుడు హతుడయ్యెను. సేన ముదిగల్లు కోటలోనికి తగ్గెను. మఱల సంధి, మఱల కప్పము. విధివాదులైన ఆ పండితులు నాటి సాయంకాలము ఏమనుకొనియుందురో ఊహింపవచ్చును.

నాకు ఈ కథలో మిక్కిలి విలువైన ఘట్టమిదియే. ఉపాయము సరియైనదైనను ఫలము మఱునాడే రాదు. జట్లు మఱల పాత కథకు జాఱుకొనునది ఇచటనే. విజయనగరము మాత్రము గుఱ్ఱముల మాట మఱువలేదు. ఆ నగరమున కొన్నాళ్లు నివసించిన న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱాల వర్తకుడు వ్రాసినది వినుడు. సాళువ నరసింహరాయలు హొర్ముజు రేవునుండి ఓడలపై వచ్చు గుఱ్ఱములను బ్రతికినను చచ్చినను కొనెడివాడట. సముద్రములో చచ్చినదాని తోక తెచ్చి చూపిన చాలును, బ్రతికినదానితో సమముగా వెల యిచ్చెడివాడట. చచ్చిన గుఱ్ఱపు తోకకు వెలయిచ్చు రాజును చూచి బొక్కసపు లేఖరులు ఎంత పండ్లు కొఱికిరో! కాని వర్తకులు ఆ రేవు నుండి మఱియొక రేవునకు పోలేదు. దేవరాయల సభలో ఎవడో చెప్పిన మాటకు నలుబది యేండ్ల పిమ్మట కట్టిన వడ్డీ అది.

1520 మే 19 నాడు, రాయచూరునకును కృష్ణకును నడుమ, శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఎదుర్కొనెను. బహమనీ రాజ్యము చీలిపోగా విజాపురము ఆదిల్‌షాహీల పాలైయుండెను. రాయల ముందుదళము తాకి శత్రువును కొంత వెనుకకు నెట్టెను. అప్పుడు ఆదిల్‌షా ఫిరంగులు ఒక్కమాఱుగా ప్రేలెను. ముందువరుస నేలగూలెను. మిగిలినవారు వెనుదిరిగి పరుగెత్తిరి, శత్రువు తఱుముకొని వచ్చెను. చికాగోలో పట్టు తప్పిన క్షణము, మా ఇసుకలో మావాడు పట్టుపడిన క్షణము ఇదియే. నూటయేబది యేండ్ల ఓటములు ఆ పొలములో, ఆ మనుష్యుల చెవులలో "ఎప్పటి కథే" యని యుండవలెను.

కృష్ణరాయలు రెండవ వరుసలో నుండెను. తనను ఓడించితినని ఆదిల్‌షా చెప్పుకొనుటకంటె ఇచటనే చచ్చుట మేలని పలికి గుఱ్ఱమెక్కెనట. వ్రేలి ఉంగరము తీసి సేవకుని చేతికిచ్చి, నా మరణమునకు గుఱుతుగా రాణులకు చూపుమనెనట. పాఱిపోవుచున్న తనవారిని నఱుకుడని ఆజ్ఞాపించెననియు న్యూనిజ్ వ్రాసెను. ఈ కడపటి మాటను నేను మెచ్చుకొనుటకై చెప్పుటలేదు, జరిగినదని చెప్పుచున్నాను. ఉంగరపు మాటయే నాకు ముఖ్యము. రాజు వెనుదిరుగడని తెలిసినప్పుడు వెనుకటి కథకు చోటులేదు. రెండవ వరుస కదలెను. ఒకమాఱు ప్రేలిన ఫిరంగిని మఱల దట్టించుటకు వ్యవధి పట్టును. ఆ వ్యవధిలో గుఱ్ఱములు మీదపడెను. విజాపురపు సేన విఱిగి కృష్ణలో పడెను. ఆదిల్‌షా ఏనుగెక్కి తప్పించుకొనెను. నాలుగువందల పెద్ద ఫిరంగులు, నాలుగువేల గుఱ్ఱములు రాయలకు చిక్కెనని న్యూనిజ్ లెక్క. పిమ్మట రాయచూరు కోట ముట్టడిలో క్రిస్టోవావ్ ద ఫిగ్యురెడో అను పోర్చుగీసువాడును అతని తుపాకివాండ్రును గోడలపై నున్నవారిని గుఱిచూచి కొట్టగా కోట వశమయ్యెను. అప్పుడును పరాయివాని విద్యయే అక్కఱకు వచ్చినది, చూచితిరా. గెలుపు మరగుట వేఱొక వ్యాధి. దాని ఫలము 1565 లో వచ్చెను. అది మఱియొక రాత్రి ప్రసంగము.

ఆ రాయచూరు గుఱ్ఱపు డెక్కల చప్పుడు మన కాలపు మైదానములలోను వినవచ్చును. రంజీ పోటీలో రాజస్థాన్ క్రికెట్టు జట్టు 1960-61 నుండి 1973-74 లోపల ఎనిమిదిమాఱులు తుదియాట దాక వచ్చి ఎనిమిదిమాఱులును ఓడెను. అందు ఏడు బొంబాయి చేతిలోనే. తరువాత ఆ జట్టు క్రిందికి జాఱి దిగువ తరగతిలో పడెను. మన హైదరాబాదు 1937-38 లోను 1986-87 లోను ఆ పోటీని గెలిచిన జట్టు. 2010 లో రెండును దిగువ తరగతిలో జయపురమున కలిసికొనెను. మొట్టమొదటి ఆట ఆడుచున్న పదునెనిమిదేండ్ల దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీసెను. హైదరాబాదు వారందఱును కలిసి తీసినవి 21 పరుగులు! రంజీ చరిత్రలో అంతకు తక్కువ ఎవ్వరును చేసియుండలేదు. పెద్దపేరు గల జట్టు ఒక్క ఉదయమున అట్లు కూలుటకు బంతి తిరుగుట ఒక్కటియే చాలదని నా యూహ. మొదటి ముగ్గురు పోయినప్పుడు తక్కినవారి చెవిని ఏదో పడియుండును.

అదే రాజస్థాన్ ఆ సంవత్సరముననే దిగువ నుండి పైకి వచ్చి, 2011 జనవరిలో బరోడాను మించి కిరీటము పెట్టుకొనెను. మఱుసటి యేడును పెట్టుకొనెను. వారి నాయకుడు హృషీకేశ్ కానిత్కర్ మహారాష్ట్రుడు. ఆకాశ్ చోప్రా ఢిల్లీవాడు. రష్మిరంజన్ పరీడా ఒరిస్సావాడు. ఎనిమిది తుదియాటల ఏడుపు వీరింట ఎవ్వరును ఏడ్చియుండలేదు. దేవరాయలు తురుష్క విలుకాండ్రను పిలిపించినది విల్లునకే. కాని అట్టివారితో మఱియొక సరకును లోనికి వచ్చును. మన నిట్టూర్పు వారికి అర్థము కాదు.

చికాగోవారును అంతియే చేసిరి. బోస్టన్ జట్టును 86 యేండ్ల కఱవు తీఱ 2004 లో గెలిపించిన థియో ఎప్‌స్టైన్ అనువానిని 2011 లో పిలిపించుకొనిరి. మఱుసటి యేడు 162 ఆటలలో 101 ఓడిరి! దేవరాయల 1443 వంటిదే అది. 2016 నవంబరులో తుది యాట. ఎదుట క్లీవ్‌లాండ్, 1948 నుండి గెలుపెఱుగని జట్టు. ఇద్దఱు శాపగ్రస్తులలో ఒకరు గెలువక తప్పదు గదా. చికాగో ముందుండి, ఎనిమిదవ వంతులో ఆధిక్యము పోగొట్టుకొనెను. తొమ్మిదవ వంతు ముగిసినంతనే వాన కుఱిసి ఆట పదునేడు నిమిషములు ఆగెను. హేవార్డ్ అను ఆటగాడు తనవారిని లోపలి చిన్నగదిలో కూడబెట్టి, మనమే మేటిజట్టు, ఇంతవఱకు చేసినది మఱువకుడని చెప్పెను. ఆ యేడు అతని ఆట ఏమంత బాగుగా లేదు. అట్టివాడు చెప్పుట ఇంకను విలువైనది. పదవ వంతులో 8-7 తో గెలిచిరి.

మా పల్లె సంగతి ముగించి సెలవు తీసికొందును. నా పదునేడవ యేట, గొఱ్ఱెలు కాచు పిల్లవాడొకడు రచ్చకట్టకడ పెద్దల ముందు నిలిచి, పొరుగూరి జట్టువాడు కూతనుండి మరలునప్పుడెల్ల కుడిభుజము వంచునని, మా ఎడమమూలవాడు పాదములు రెండును చేర్చి నిలుచుటవలన అతనిని పట్టలేకపోవుచున్నాడని చెప్పెను. మూడేండ్లు చెఱువు కట్టపై గొఱ్ఱెలతో కూర్చుండి చూచితినని చెప్పెను. మేమందఱము నవ్వితిమి. ఎడమమూలవాడు నవ్వలేదు, ఏలయన ఆ ఎడమమూలవాడను నేనే. ఆ యుగాదికిని ఓడితిమి, ఒక్క మనిషి తేడాతో. కాని ఆ రాత్రి రచ్చకట్టకడ నుదుటివ్రాత మాట ఎవ్వరును ఎత్తలేదు. ఎడమకాలు ముందుండవలెనా కుడికాలు ముందుండవలెనా యని, దీపములో నూనె అయిపోవువఱకు తగవులాడితిమి.